ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు వయసు లెక్క వేసుకోవడం ఎలా?

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమమే డ్రాఫ్ట్. ఒక్కో ఎంపికను పిక్ అంటారు. ఫ్రాన్స్ ఆటగాడు విక్టర్ వెంబన్యామా పుట్టింది 2004 జనవరి 4న. నాలుగంటే నాలుగు రోజులు ముందు పుట్టి ఉంటే 2022 డ్రాఫ్ట్‌కే అర్హుడయ్యేవాడు. ఆ నాలుగు రోజుల తేడాతో ఏడాది ఆగి, 2023లో మొదటి పిక్‌గా శాన్ ఆంటోనియో స్పర్స్‌కు వెళ్లాడు. అమెరికా కుర్రాడు కూపర్ ఫ్లాగ్ పుట్టింది 2006 డిసెంబర్ 21న. 2025 జూన్ 25 రాత్రి డాలస్ మావరిక్స్ అతన్ని మొదటి పిక్‌గా తీసుకునే సమయానికి అతనికి పద్దెనిమిదిన్నరేళ్లే. అక్టోబర్‌లో మొదటి మ్యాచ్ ఆడినప్పుడూ పంతొమ్మిది నిండలేదు. అయినా నిబంధన ఎక్కడా తప్పలేదు.

ఎన్‌బీఏకు 19 ఏళ్లు ఉండాలని అందరూ చెబుతారు. డ్రాఫ్ట్ రోజుకు 19 నిండాలని మాత్రం ఎక్కడా లేదు. డ్రాఫ్ట్ జరిగే క్యాలెండర్ సంవత్సరంలో, డిసెంబర్ 31 లోపు ఎప్పుడు నిండినా సరిపోతుంది. కాబట్టి పుట్టినరోజు పక్కనపెట్టి పుట్టిన సంవత్సరానికి 19 కలపండి. 2008లో పుట్టిన అబ్బాయికి 2027, 2009లో పుట్టిన అబ్బాయికి 2028, 2010లో పుట్టిన అబ్బాయికి 2029. అంతకుముందు ఏ దారీ లేదు. డ్రాఫ్ట్‌కు అర్హత రాని ఆటగాడితో నేరుగా ఒప్పందం చేసుకునే వీలు కూడా జట్లకు ఉండదు.

ఈ ఒక్క లెక్కతో పని అయిపోదు. అబ్బాయి హైస్కూలు ఎక్కడ పూర్తిచేశాడు, మొదటి సంతకం ఎక్కడ పెట్టాడు అనే రెండు విషయాలు కూడా లెక్కను మార్చేస్తాయి. చాలా కుటుంబాలు దెబ్బతినేది ఈ రెండింటి దగ్గరే.

అమెరికా బడిలో చదివితే

ఎన్‌బీఏ ఆటగాళ్లను రెండు గుంపులుగా చూస్తుంది. మొదటిది ‘ఇంటర్నేషనల్’, రెండోది మిగతా అందరూ. పాస్‌పోర్ట్ రంగును బట్టి ఈ విభజన ఉంటుందని మనవాళ్లు అనుకుంటారు. పౌరసత్వం ఊసే అందులో లేదు. ఇంటర్నేషనల్ అనిపించుకోవాలంటే మూడూ నిజం కావాలి: డ్రాఫ్ట్‌కు ముందు కనీసం మూడేళ్లు అమెరికా బయట శాశ్వత నివాసం ఉంటూ అక్కడే బాస్కెట్‌బాల్ ఆడి ఉండాలి, అమెరికాలో హైస్కూలు పూర్తిచేసి ఉండకూడదు, అమెరికా కాలేజీలో ఎన్నడూ చేరి ఉండకూడదు. ఒక్కటి తప్పినా రెండో గుంపే.

అందుకని డాలస్ శివారు ఫ్రిస్కోలో ఎచ్-4 వీసా మీద చదువుకుంటున్న తెలుగు అబ్బాయి, చేతిలో భారత పాస్‌పోర్ట్ ఉన్నా, ఎన్‌బీఏ కంటికి అమెరికా కుర్రాడే. విజయవాడలో పుట్టి పెరిగి, పదో తరగతి తర్వాత ఫ్లోరిడాలోని ప్రిప్ స్కూల్లో (కాలేజీకి సిద్ధం చేసే బడి) చేరి అక్కడే పట్టా తీసుకున్నవాడూ అంతే. పంజాబ్‌లోని బల్లో కే అనే ఊరి నుంచి వెళ్లిన సత్నామ్ సింగ్ భమరా కథ ఇదే. 14 ఏళ్ల వయసులో 2010లో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీలో చేరాడు. 2015లో డాలస్ మావరిక్స్ 52వ పిక్‌గా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు అతనే. కాలేజీలో గానీ విదేశీ లీగ్‌లో గానీ ఆడకుండానే ఆ ఘనత సాధించాడు.

రెండో గుంపువాళ్లకు 19 ఏళ్ల షరతుకు తోడు ఇంకొకటి ఉంది. హైస్కూలు పూర్తయ్యాక ఒక ఎన్‌బీఏ సీజన్ గడిచి ఉండాలి. 2027 మేలో పట్టా అందుకుంటే 2027-28 సీజన్ గడవాలి, 2028 జూన్ డ్రాఫ్ట్‌లో పేరు ఇవ్వొచ్చు. ఇంటర్నేషనల్ ఆటగాళ్లకు ఈ షరతు లేదు. హైదరాబాద్‌లో ఇంటర్ ముగించిన అబ్బాయి పుట్టిన సంవత్సరం కుదిరితే అదే ఏడాది డ్రాఫ్ట్‌కు అర్హుడు.

కాబట్టి అమెరికాలో చదివే పిల్లలకు రెండు అంకెలు రాసుకోవాలి. పుట్టిన సంవత్సరం ప్లస్ 19, హైస్కూలు పూర్తయ్యే సంవత్సరం ప్లస్ 1. రెండింట్లో ఏది ఆలస్యమైతే అదే అసలు సంవత్సరం.

ఇక్కడ తెలుగు ఇళ్లలో తరచూ ఎదురయ్యే చిక్కొకటి చూడండి. పిల్లవాడు చురుగ్గా ఉన్నాడని ఒక తరగతి దాటించి ముందుకు తోస్తాం. 2009 సెప్టెంబర్‌లో పుట్టినవాడు 2026 జూన్‌లోనే హైస్కూలు ముగించాడనుకుందాం. బడి లెక్కన 2027కే అర్హత రావాలి. వయసు లెక్కన 2028 వస్తుంది. అంటే తరగతి దాటించడం వల్ల డ్రాఫ్ట్ ముందుకు జరగదు, పైగా 16 ఏళ్లకే కాలేజీ జట్టులో 22 ఏళ్ల కుర్రాళ్ల మధ్య నిలబడాలి. ఫ్లాగ్ చేసింది వేరు. అతను మామూలుగా 2025లో హైస్కూలు ముగించాల్సినవాడు. ఒక ఏడాది ముందుకు జరిగి 2024లోనే పట్టా తీసుకుని డ్యూక్ యూనివర్సిటీలో ఒక సీజన్ ఆడాడు. 2006లో పుట్టాడు కాబట్టి వయసు షరతు 2025కే తీరింది. బడి షరతే అడ్డంగా ఉంది, దాన్ని అలా తొలగించుకున్నాడు. అడ్డం వస్తున్నది వయసా, బడా అన్నది తేల్చుకున్నాకే తరగతి మార్చే ఆలోచన చేయాలి.

దీనికి తిరగబడిన పద్ధతి కూడా ఉంది. ఎత్తు పెరగడానికి, బలం రావడానికి ఎనిమిదో తరగతో తొమ్మిదో మళ్లీ చదివించడం. అప్పుడు బడి లెక్క ఏడాది వెనక్కి పోతుంది. బడి మధ్యలో మానేస్తే తప్పించుకోవచ్చా అని కొందరు అడుగుతారు. కుదరదు. మానేసినవాడి విషయంలో, అతను ఏ తరగతి పిల్లలతో కలిసి పట్టా తీసుకోవాల్సిందో ఆ తరగతి తేదీ నుంచే లెక్కిస్తారు.

ఈ నిబంధన ఎక్కడి నుంచి వచ్చింది?

ఒకప్పుడు హైస్కూలు తర్వాత నాలుగేళ్లు ఆగాల్సిందే. సియాటిల్ సూపర్‌సానిక్స్‌తో ఒప్పందం చేసుకున్న స్పెన్సర్ హేవుడ్ దాన్ని కోర్టుకు లాగాడు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. ఆ తర్వాత తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి. 1995లో కెవిన్ గార్నెట్ హైస్కూలు నుంచి నేరుగా వచ్చి ఐదో పిక్ అయ్యాడు. మరుసటి ఏడాది కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్. 2001లో క్వామీ బ్రౌన్ హైస్కూలు నుంచి వచ్చి మొదటి పిక్ అయిన తొలి ఆటగాడు, కానీ ఆ స్థానానికి తగ్గ ఆట అతని నుంచి రాలేదు. 2005లో లీగ్, ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న ఒప్పందంలో 19 ఏళ్ల షరతు చేరింది, 2006 డ్రాఫ్ట్ నుంచి అమలైంది. తలుపు మూసుకోకముందు వచ్చినవాడు ఆండ్రూ బైనమ్. 18 ఏళ్ల 6 రోజులకు లేకర్స్ తరఫున కోర్టులో దిగాడు. ఎన్‌బీఏలో అంత చిన్న వయసులో ఆడినవాడు ఇప్పటికీ లేడు.

హేవుడ్ గెలిచాడు కదా, మళ్లీ కోర్టుకు వెళ్తే పోదా అని అనిపించడం సహజం. అప్పటి నిబంధన లీగ్ తనంతట తాను పెట్టింది. ఇప్పటిది సంఘంతో బేరమాడి రాసుకున్నది. అలాంటి కార్మిక ఒప్పందాలకు గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి మినహాయింపు ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మారిస్ క్లారెట్ ఇలాంటి నిబంధన మీదే వేసిన కేసు 2004లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. 2023లో ఎన్‌బీఏ కొత్త ఒప్పందం కుదిరినప్పుడు వయసును 18కి దించాలనే చర్చ నడిచినా 19 అలాగే మిగిలింది. కోర్టు మీదా, రేపో మాపో మారుతుందన్న వార్తల మీదా ఆశ పెట్టుకుని పిల్లవాడి చదువు ప్రణాళిక మార్చకండి.

పేరు ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం

అర్హత రాగానే పేరు దానంతట అదే జాబితాలోకి ఎక్కదు. మొదట్లో ‘ఎర్లీ ఎంట్రీ’ (ముందస్తు ప్రవేశం) కింద ఆటగాడే ఎన్‌బీఏకు రాతపూర్వకంగా తెలియజేయాలి, డ్రాఫ్ట్‌కు కనీసం 60 రోజుల ముందు. ఆ తేదీ దాటితే ఆ ఏడాది మరి లేదు. పేరు ఇచ్చాక మనసు మారితే డ్రాఫ్ట్‌కు పది రోజుల ముందు వరకు వెనక్కి తీసుకోవచ్చు.

2025 క్యాలెండర్ తీసుకుంటే లెక్క స్పష్టంగా కనబడుతుంది. డ్రాఫ్ట్ జూన్ 25న మొదలైంది. పేరు ఇవ్వడానికి ఆఖరు ఏప్రిల్ 26. ఎన్‌బీఏ దగ్గర ఉపసంహరణకు ఆఖరు జూన్ 15. ఈ రెండింటి మధ్య మే 28 అనే మరో తేదీ ఉంది. అది కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ పెట్టింది. మళ్లీ కాలేజీకి ఆడాలనుకునేవాడు ఆ రోజులోపే వెనక్కి రావాలి. ‘జూన్ 15 వరకు టైముంది కదా’ అనుకుని జూన్ మొదటి వారంలో ఉపసంహరించుకుంటే ఎన్‌బీఏ దగ్గర పేరు పోతుంది, కాలేజీ జట్టులో చోటూ పోతుంది. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

ఇంకొక చిన్న విషయం. గడువులన్నీ అమెరికా ఈస్టర్న్ టైమ్‌లో ఉంటాయి. వేసవిలో మనకు వాళ్లకు తొమ్మిదిన్నర గంటల తేడా. వాళ్ల రాత్రి 11:59 మనకు మర్నాడు ఉదయం 9:29. ఉపసంహరణ గడువు వాళ్ల సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది, అంటే మనకు ఆ రాత్రి దాటి రెండున్నర. గడువు తేదీ చూసుకుని ‘రేపు పొద్దున్నే పంపిద్దాం’ అనుకుంటే అప్పటికే ముగిసిపోయి ఉంటుంది.

పేరు ఇచ్చే ముందు కాలేజీ ఆటగాళ్లు ఎన్‌బీఏ అండర్‌గ్రాడ్యుయేట్ అడ్వైజరీ కమిటీని అడిగితే, మొదటి రౌండులో వచ్చే అవకాశం ఉందా, రెండో రౌండా, అసలు లేదా అని జట్ల అంచనా చెబుతుంది. ఈ అంచనాకు విలువివ్వండి. మొదటి రౌండు ఒప్పందంలో మొదటి రెండేళ్ల జీతం ఖాయం, మూడు నాలుగు ఏళ్లు జట్టు ఇష్టం. రెండో రౌండులో అలాంటి భరోసా ఏదీ నిబంధనల్లో లేదు. మొత్తం 30 జట్లు, రెండు రౌండ్లు, ఉండేవే 60 పిక్‌లు. కొన్నేళ్లలో జరిమానాల వల్ల అవీ తగ్గాయి, 2022 నుంచి 2024 వరకు 58 మాత్రమే.

ఇంటర్నేషనల్ ఆటగాడు 22 నిండే సంవత్సరంలో, పేరు ఇచ్చినా ఇవ్వకపోయినా, తనంతట తానే డ్రాఫ్ట్‌లోకి వస్తాడు. 2008లో పుట్టినవాడికి 2027, 2028, 2029లో పేరు ఇవ్వాలా వద్దా అని ఎంచుకునే వెసులుబాటు ఉంది. 2030లో ఆ వెసులుబాటు ఉండదు. ఎవరూ ఎంచుకోకపోతే ఆపై ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోవచ్చు. అమెరికాలో హైస్కూలు చదివి కాలేజీలో చేరనివాళ్లు నాలుగేళ్లకు, కాలేజీలో చేరినవాళ్లు అక్కడ ఆడే అర్హత ముగిశాక, లేదా ఎన్‌బీఏ కాని ప్రొఫెషనల్ జట్టుకు సంతకం చేసి ఆడితే, ఇలాగే ఆటోమేటిక్‌గా జాబితాలోకి వస్తారు.

మధ్యలో మిగిలే ఏడాది

అమెరికా హైస్కూలు ముగించినవాడు ఆ ఒక్క సీజన్ ఎక్కడ గడిపినా ఎన్‌బీఏకు అభ్యంతరం లేదు. అన్ఫర్నీ సైమన్స్ ఐఎంజీ అకాడమీలోనే మరో ఏడాది ఉండి 2018లో 24వ పిక్ అయ్యాడు. బ్రాండన్ జెన్నింగ్స్ 2008లో ఇటలీ వెళ్లి రోమ్ జట్టుకు ఆడి, 2009లో పదో పిక్‌గా వచ్చాడు. లామెలో బాల్ ఆస్ట్రేలియా లీగ్ ఎన్‌బీఎల్‌లో నెక్స్ట్ స్టార్స్ పథకం కింద ఆడి 2020లో మూడో పిక్. ఎన్‌బీఏ వారి సొంత కింది స్థాయి లీగ్ అయిన జీ లీగ్‌లో 18 ఏళ్లకే ఆడొచ్చు. కుర్రాళ్ల కోసం జీ లీగ్ ప్రత్యేకంగా పెట్టిన ఇగ్నైట్ జట్టులో పంజాబ్ కుర్రాడు ప్రిన్స్‌పాల్ సింగ్ 2020-21లో ఉన్నాడు. ఆ జట్టు 2024లో మూతపడింది, కాబట్టి పాత వ్యాసాలు చదివి ఆ దారి ఉందనుకోకండి.

అమెరికా బయట ఉన్న పిల్లలకు ఇంకో గోడ ఉంది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధన ప్రకారం 18 నిండని ఆటగాడు ఒక దేశం నుంచి మరో దేశం క్లబ్‌కు మారడం సాధారణంగా కుదరదు. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణాలతో వేరే దేశానికి మారడం, చదువు వంటి ప్రత్యేక సందర్భాల్లోనే మినహాయింపు ఉంటుంది. ఇక్కడ పుట్టినరోజే లెక్క, సంవత్సరం కాదు. 18 నిండాక కూడా మన సమాఖ్య నుంచి లెటర్ ఆఫ్ క్లియరెన్స్ (అనుమతి పత్రం) వస్తేనే అక్కడ పేరు నమోదవుతుంది. ‘16 ఏళ్లకే యూరప్ క్లబ్‌లో చేర్పిస్తాం’ అని డబ్బు అడిగేవాళ్లు కనబడితే, ఏ మినహాయింపు కింద అని ఒక్క ప్రశ్న వేయండి. లూకా డొంచిచ్ 16 ఏళ్ల 2 నెలలకే రియల్ మాడ్రిడ్ పెద్ద జట్టులో ఆడాడు, నిజమే. 13వ ఏట నుంచే ఆ క్లబ్ యూత్ జట్లలో పెరిగాడు. అలాంటి అతను కూడా ఎన్‌బీఏకు 2018లోనే, అంటే 19 నిండిన సంవత్సరంలోనే వచ్చాడు.

యూరప్ ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడు బైఅవుట్ (ఒప్పందం మధ్యలో వదిలి వెళ్లడానికి క్లబ్‌కు కట్టాల్సిన సొమ్ము) ఎంతో, ఏ ఏడాది నుంచి వర్తిస్తుందో చూడాలి. స్పెయిన్ ఆటగాడు రికీ రూబియోను మిన్నెసోటా జట్టు 2009లో ఐదో పిక్‌గా తీసుకుంది. బైఅవుట్ బరువు వల్ల అతను అమెరికా చేరేసరికి 2011 అయింది.

సంతకం అన్నాక కాలేజీ దారి గురించి చెప్పాలి, ఎక్కువమంది తెలుగు కుటుంబాలు కోరుకునేది అదే కాబట్టి. ఎన్‌సీఏఏ ఆడాలంటే ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఖాతా తెరిచి చదువునూ, అమెచ్యూర్ (ప్రొఫెషనల్ కాని ఆటగాడు) హోదానూ నిరూపించుకోవాలి. టర్కీ ఆటగాడు ఎనెస్ కాంటర్ కెంటకీ యూనివర్సిటీలో చేరాడు గానీ, ఫెనర్‌బాచే క్లబ్ నుంచి ఖర్చులకు మించి 33,033 డాలర్లు అందాయని తేల్చి ఎన్‌సీఏఏ అతన్ని ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వలేదు. ప్రతిభకు లోటు లేదు, 2011లో మూడో పిక్ అయ్యాడు. అప్పటికీ ఇప్పటికీ ఎన్‌సీఏఏ డబ్బు నిబంధనలు చాలా మారాయి, ఇంకా మారుతున్నాయి. అందుకే క్లబ్ నుంచి వచ్చిన ప్రతి రూపాయికీ, హాస్టల్, ప్రయాణం, బూట్లతో సహా, రసీదు దాచుకోవాలి. ఖర్చుకు సరిపడా వచ్చిందా, మించి వచ్చిందా అని రేపు అడిగితే చూపించడానికి అదొక్కటే ఆధారం.

చదువు వైపు చూస్తే డివిజన్ 1కు (కాలేజీ ఆటలో పై స్థాయి) 16 కోర్ కోర్సులు, అంటే తప్పనిసరి సబ్జెక్టులు కావాలి: ఇంగ్లిష్ 4, గణితం 3, సైన్స్ 2, సోషల్ 2, మిగిలినవి అదనపు సబ్జెక్టులు. లెక్క తొమ్మిదో తరగతి నుంచి మొదలవుతుంది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నవాడికి సోషల్ ఉండదు. తొమ్మిది, పది తరగతుల సోషల్ మార్కులే ఆదుకుంటాయి. మనవాళ్లు టెన్త్ మెమో భద్రంగా దాచి తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు పారేస్తారు. దాన్ని బడి హెడ్‌మాస్టర్ సంతకం, ముద్రతో ఇప్పుడే తీసిపెట్టుకోండి. కోర్సులు తొమ్మిదో తరగతి మొదలైన నాలుగేళ్లలో పూర్తికావాలి. ఇంటర్ తర్వాత లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతోనో, ఆట పేరుతోనో ఏడాది ఆగితే, ఆ ఏడాదిలో ఆడిన పోటీలు కాలేజీలో ఆడే కాలాన్ని తగ్గించవచ్చు.

వీసా మాట మరిచిపోకూడదు. ఎచ్-4 మీద ఉన్న పిల్లలు డిపెండెంట్లు, పనిచేసి సంపాదించే హక్కు లేదు, 21 నిండితే ఆ హోదా పోతుంది. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు క్యాంపస్ బయట పనికి గట్టి హద్దులున్నాయి. తోటి ఆటగాళ్లు 2021 నుంచి పేరు, ఫొటోల వాడకానికి ప్రకటనల డబ్బు తీసుకుంటున్నారని చూసి అలాంటి ఒప్పందం మీద సంతకం పెడితే వీసాకే ముప్పు వస్తుంది. జీ లీగ్ ఒప్పందమైనా ఉద్యోగమే, దానికి తగిన వర్క్ వీసా కావాలి. ఇమిగ్రేషన్ లాయరుకు చూపించాకే సంతకం.

తేదీ తప్పితే అన్నీ తప్పుతాయి

పైన వేసిన లెక్కంతా పుట్టిన తేదీ మీద నిలబడింది. మన దగ్గర కదిలిపోయేది కూడా అదే. బడిలో వేసేటప్పుడు ఐదేళ్లు నిండాయని చూపడానికి పుట్టిన తేదీ ముందుకు జరపడం పాత అలవాటు. 2010 ఫిబ్రవరిలో పుట్టిన పిల్లవాడికి రికార్డుల్లో 2009 డిసెంబర్ పడితే డ్రాఫ్ట్ సంవత్సరమే మారిపోతుంది.

అంతకంటే ఎక్కువగా జరిగేది దీనికి ఎదురు తప్పు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, 17, 19 విభాగాల్లో జరుగుతాయి. చిన్న విభాగంలో ఆడించి పతకం తెప్పించాలని కొందరు రెండేళ్లు తగ్గించి సర్టిఫికెట్ పుట్టిస్తారు. అది మోసం, తోటి పిల్లల చోటు లాక్కోవడం. ఆ పిల్లవాడికే జరిగే నష్టం మాత్రం ఎవరూ చెప్పరు. నిజంగా 2008లో పుట్టినవాడు కాగితాల మీద 2010 అయ్యాడంటే డ్రాఫ్ట్ 2027 నుంచి 2029కి పోతుంది. ఫీబా 18 ఏళ్ల లెక్క కూడా రెండేళ్లు వెనక్కి. స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లు) కుర్రాడి వయసును బట్టి ఆటను తూస్తారు, ఒకసారి అనుమానం వచ్చిందా నిజమైన ఆట కూడా నమ్మరు. సరిదిద్దాలని చూస్తే పాస్‌పోర్ట్, ఆధార్, టెన్త్ మెమో అన్నీ అబద్ధం చెబుతుంటాయి.

మన క్రీడల్లో వయసు మోసాలను అడ్డుకోవడానికి కేంద్రం 2010లో జాతీయ నియమావళి తెచ్చింది. అనుమానం వస్తే ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల వయసు అంచనా వేస్తారు. అబ్బాయిల్లో సుమారు పదహారున్నర, అమ్మాయిల్లో పదిహేను దాటాక ఎముకలు పెరుగుదల ముగించేస్తాయి, ఆపై ఈ పరీక్ష వయసు చెప్పలేదు. నిజమైన తేదీ మీద అనుమానం వచ్చినా పెద్దయ్యాక ఎక్స్‌రేతో నిరూపించుకోలేం. కాగితమే దిక్కు.

కాగితాలు సరిచేయడానికి వరుస ఇది. ముందు బర్త్ సర్టిఫికెట్. పుట్టిన 21 రోజుల్లో నమోదై ఉంటే దానంత బలమైనది లేదు, ఎందుకంటే అప్పుడు ఎవరికీ బాస్కెట్‌బాల్ ఆలోచనే లేదు. నమోదు కాకుండా ఏడాది దాటిపోతే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. మీ సేవలో దరఖాస్తుకు ముందు ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం, టీకాల కార్డు వెతికి పెట్టుకోండి. తర్వాత టెన్త్ మెమో, ఆధార్, చివరగా పాస్‌పోర్ట్, ఇదే క్రమంలో. పాస్‌పోర్ట్ ముందు తీసేస్తే తప్పు తేదీ అందులో పాతుకుపోతుంది. తేదీతో పాటు పేరు చూడండి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంతో, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, ఫీబా నమోదులో తండ్రి పేరుతో ఉంటే విదేశీ అధికారికి ముగ్గురు వేర్వేరు పిల్లలు కనిపిస్తారు. పదో తరగతి పరీక్ష దరఖాస్తు నింపే సమయంలో ఇంటిపేరు పూర్తిగా రాయించుకుంటే ఈ బాధ సగం తీరుతుంది.

అమ్మాయిలకు లెక్క వేరు

అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో వయసు గీత ఇంకా పైన ఉంది. 2020 నాటి ఒప్పందం ప్రకారం అమెరికా క్రీడాకారిణికి డ్రాఫ్ట్ సంవత్సరంలో 22 నిండాలి, లేదా నాలుగేళ్ల డిగ్రీ పూర్తికావాలి, లేదా హైస్కూలు తర్వాత నాలుగేళ్లు గడవాలి. ఇంటర్నేషనల్ క్రీడాకారిణికి 20 చాలు. 2005 నవంబర్ 16న పుట్టిన ఫ్రాన్స్ అమ్మాయి డొమినిక్ మలోంగాను 2025 ఏప్రిల్‌లో సియాటిల్ స్టార్మ్ రెండో పిక్‌గా తీసుకుంది, అప్పటికి ఆమెకు 19. అదే ఏడాది మొదటి పిక్ పెయిజ్ బెకర్స్‌కు 23. ఆ ఒప్పందం గడువు తీరిపోయింది కాబట్టి, మీ అమ్మాయి డ్రాఫ్ట్ సంవత్సరానికి అమల్లో ఉన్న ఒప్పందంలోని వయసు నిబంధన చూసుకోవాలి.

ఆ ఒప్పందంలో ఇంటర్నేషనల్ నిర్వచనం కూడా వేరే. అమెరికా బయట పుట్టి, బయటే నివసిస్తూ, అమెరికా కాలేజీ జట్టుకు ఆడకుండా ఉండాలి. గుంటూరులో పుట్టిన అమ్మాయి స్కాలర్‌షిప్ మీద అమెరికా కాలేజీలో ఒక్క సీజన్ ఆడితే 20 ఏళ్ల దారి మూసుకుపోయి 22 ఏళ్ల దారిలో పడుతుంది. చదువు కావాలనుకుంటే అది నష్టమేమీ కాదు, చేతిలో డిగ్రీ ఉంటుంది. యూరప్ లీగ్‌లో జీతానికి ఆడే అవకాశం, కాలేజీ సీటు రెండూ ఒకేసారి వచ్చిన 18 ఏళ్ల అమ్మాయి మాత్రం సీటు ఖాయం చేసుకునే ముందే ఈ రెండేళ్ల తేడా చూసుకోవాలి.

ఇక ఏజెంట్. ఎన్‌బీఏ ఆటగాడి తరఫున బేరమాడాలంటే ఆటగాళ్ల సంఘం సర్టిఫికెట్ ఉండాలి, ఆ జాబితా సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది. వాళ్ల సంపాదన ఒప్పందం కుదిరాక వచ్చే కమిషన్. ముందే లక్షలు అడిగి ‘డ్రాఫ్ట్‌లో పేరు వేయిస్తాం’ అనేవాడి చేతిలో ఏమీ లేదు. అర్హత ఉన్న ఆటగాడి పేరు జాబితాలోకి రావడానికి కావాల్సింది 60 రోజుల ముందు పంపే ఒక ఉత్తరం. అర్హత లేనివాడి పేరు ఎంత డబ్బిచ్చినా రాదు. కాలేజీకి తిరిగి రావాలనుకునే ఆటగాడు ఏజెంటుతో సంతకం చేసే ముందు అతనికి ఎన్‌సీఏఏ గుర్తింపు కూడా ఉందో లేదో చూడాలి. ఆ ఒప్పందాన్ని కాలేజీకి తిరిగి రాగానే రాతపూర్వకంగా రద్దు చేసి, ఆ కాపీ కాలేజీ కంప్లయన్స్ ఆఫీసులో (నిబంధనల అమలు చూసే విభాగం) ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.